‘మాటలు అవే వస్తాయిలే’ - ఆ ఓదార్పు ఖరీదు రెండేళ్లు

రెండేళ్లు నిండిన పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావాల్సింది వేలితో చూపించడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి నిలబెడతాడు. ఫ్యాను తిరుగుతుంటే ఎంతసేపైనా చూస్తూ కూర్చుంటాడు. తల్లి తన అనుమానాన్ని ముందుగా ఇంట్లోనే బయటపెడుతుంది. ‘వీళ్ల నాన్నకూ నాలుగేళ్ల దాకా మాటలు రాలేదమ్మా’ అంటుంది అత్తగారు. మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారని పక్కింటావిడ భరోసా ఇస్తుంది. ‘వస పోశారా?’ అని అడుగుతుంది ఇంకో పెద్దావిడ. పిల్లల డాక్టరు బరువు చూసి, టీకా వేసి, ‘మూడేళ్లు రానీయండి, అప్పుడు చూద్దాం’ అంటాడు.

ఈ మాటల్లో ఏదీ చెడు ఉద్దేశంతో అన్నది కాదు. తల్లికి ధైర్యం చెప్పాలనే అందరి ఆరాటం. అయితే ఈ ఓదార్పులన్నీ కలిసి చేస్తున్న పని ఒక్కటే: బిడ్డను ఎవరూ పరీక్షించకుండా ఒకటి రెండేళ్లు గడిచిపోయేలా చూడటం. బిడ్డ ఎదుగుదలలో తేడా ఉందని మొట్టమొదట పసిగట్టేది డాక్టరూ కాదు, అంగన్‌వాడీ టీచరూ కాదు, రోజూ అన్నం తినిపించే మనిషి. ఆ మనిషి భయాన్ని ఒక సమాచారంగా తీసుకుని, రాసుకుని, దానిమీద ఏదో ఒకటి చేయాల్సిన బాధ్యత మన ఆరోగ్య వ్యవస్థలో ఎవరిది? ఈ ప్రశ్నకు కాగితం మీద చాలా జవాబులున్నాయి. బిడ్డకు 15 నెలల నుంచి 3 ఏళ్ల మధ్య వయసులో మాత్రం ఆ జవాబులు దాదాపు మాయమవుతాయి.

ఇది కొద్దిమంది సమస్య కాదు

పిల్లల వికాసంలో తేడాలు ఎంతమందిలో ఉంటాయో చెప్పే నమ్మకమైన లెక్క మన దేశానికి చాలాకాలం లేదు. 2018లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ లోటును కొంత తీర్చింది. హర్యానాలోని పల్వల్, హిమాచల్‌లోని కాంగ్డా, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాద్ - ఈ ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల వయసున్న 3,964 మంది పిల్లలను పరీక్షించారు. వినికిడి, చూపు లోపాలు, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ వంటి కదలికల ఇబ్బందులు, మాట, భాషా సమస్యలు, ఆటిజం, మేధో వైకల్యం వంటివాటిలో కనీసం ఒకటి ఉన్న పిల్లలు 6 ఏళ్లలోపు వారిలో 9.2 శాతం. 6 నుంచి 9 ఏళ్ల వారిలో ఏకాగ్రత, చదువు నేర్చుకోవడంలో ఇబ్బందులను కూడా కలిపితే 13.6 శాతం. అంటే చిన్నపిల్లల్లో ప్రతి 11 మందిలో ఒకరు, బడి వయసు పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరు. ఏ తరగతి గదిలోనైనా ఇలాంటి పిల్లలు నలుగురైదుగురు ఉంటారని దీని అర్థం.

ఆలస్యంగా మాట్లాడే పిల్లలందరికీ సమస్య ఉందని కాదు. వారిలో చాలామంది క్రమంగా తోటివాళ్లను అందుకుంటారు. పెద్దావిడల అనుభవం పూర్తిగా అబద్ధమేమీ కాదు. చిక్కల్లా ఎక్కడంటే, వాళ్లంతట వాళ్లే అందుకునే పిల్లవాడు ఎవరో, సాయం లేకపోతే వెనకబడిపోయే పిల్లవాడు ఎవరో కూర్చుని ఎదురుచూస్తే తేలదు, పరీక్షిస్తేనే తేలుతుంది. తల్లి అనుమానం తప్పని తేలితే పోయేది ఒక పూట ప్రయాణం, కొంత డబ్బు. నిజమని ఆలస్యంగా తేలితే పోయేది మెదడు అత్యంత వేగంగా ఎదిగే కాలం. ఈ రెండు నష్టాలనూ ఒకే తక్కెడలో వేయలేం.

వినికిడినే తీసుకుందాం. మాటలు రాని బిడ్డకు చేయాల్సిన మొదటి పరీక్ష చెవులది. ఓ మోస్తరు వినికిడి లోపం ఉన్న బిడ్డ తలుపు దడాలున పడితే ఉలిక్కిపడతాడు, కుక్కర్ విజిల్‌కు తల తిప్పుతాడు. అది చూసి ‘వాడికి బాగానే వినపడుతుంది’ అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. మాటల్లోని చిన్నచిన్న శబ్దాలు వాడికి అందడం లేదన్న సంగతి బెరా వంటి పరీక్షల్లోనే బయటపడుతుంది. పుట్టుకతో బొత్తిగా వినపడని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఎంత చిన్న వయసులో పెడితే మాట అంత బాగా వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలోనే ఆరోగ్యశ్రీ కింద ఈ శస్త్రచికిత్సలు జరిగాయి. అంటే ఖరీదైన వైద్యం పేదవాడికి అందించగలమని నిరూపించుకున్నాం. ఆ బిడ్డ సకాలంలో ఆస్పత్రి గడప తొక్కేలా చేసే చవకైన పని దగ్గర ఆగిపోయాం.

కార్డు చెబుతున్న కథ

ప్రభుత్వ వ్యవస్థలో బిడ్డను ఎవరు, ఎప్పుడు చూస్తారో వరసగా రాసుకుంటే ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది.

బిడ్డ పుట్టాక మొదటి ఆరు వారాలు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూస్తుంది. ఆ తర్వాత, 2018లో మొదలైన కార్యక్రమం కింద 3, 6, 9, 12, 15 నెలల్లో ఐదుసార్లు రావాలి. బరువు, తల్లిపాలు, పై ఆహారం, ఐరన్ చుక్కలతో పాటు బిడ్డ ఎదుగుదలను గమనించడం కూడా ఆమె పనే. ఒక్కో సందర్శనకు ఆమెకు దక్కేది 50 రూపాయలు. పదిహేనో నెలతో ఆ రాకలు ముగుస్తాయి.

టీకాల సంగతి చూస్తే, 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ మొదటి బూస్టరు ఇస్తారు. సార్వత్రిక టీకాల పట్టికలో ఆ తర్వాతి డీపీటీ బూస్టరు 5-6 ఏళ్లకే. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య 3 ఏళ్లు నిండాకే మొదలవుతుంది. అంతకన్నా చిన్న పిల్లలకు అంగన్‌వాడీ అంటే చాలాచోట్ల బరువు తూచే చోటు, ఇంటికి సరుకులు ఇచ్చే చోటు. తెలంగాణలో బాలామృతం ప్యాకెట్ తీసుకోవడానికి తల్లో, నాయనమ్మో వస్తే సరిపోతుంది. బిడ్డ ఎలా ఆడుకుంటున్నాడో, పిలిస్తే పలుకుతున్నాడో టీచరు కంట పడే అవకాశం తక్కువ.

ఇప్పుడు బిడ్డ ఎదుగుదల వైపు నుంచి చూడండి. 12 నెలలకు ముద్దుముద్దు శబ్దాలు, టాటా చెప్పడం, వేలితో చూపించడం లాంటివి లేకపోతే జాగ్రత్తపడాలి. 16 నెలలకు ఒక్క అర్థవంతమైన మాటైనా రాకపోయినా, 24 నెలలకు ‘అమ్మ దా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు పదాలను సొంతంగా కలపకపోయినా పరీక్ష చేయించాలి. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా సరే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఈ గుర్తుల్లో ఎక్కువ భాగం స్పష్టంగా కనిపించే కాలం ఒకటిన్నర నుంచి రెండున్నరేళ్లు. సరిగ్గా అదే కాలంలో ఆశా రాక ఆగిపోయి, టీకాలు అయిపోయి, అంగన్‌వాడీ చదువు ఇంకా మొదలుకాక బిడ్డ అందరి కళ్లకూ దూరమవుతున్నాడు.

మధ్యతరగతి ఇళ్లలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉందనుకోవడానికి లేదు. ప్రైవేటు ఆస్పత్రిలో పుట్టి, ప్రైవేటు డాక్టరు దగ్గరే టీకాలు వేయించుకునే పిల్లల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లడం అరుదు. ఒకటిన్నరేళ్ల బూస్టరు అయ్యాక డాక్టరు దగ్గరకు వెళ్లేది జ్వరానికో, దగ్గుకో. ఏడుస్తున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, బయట ఇరవై మంది వేచి ఉండగా, ‘వీడు నా కళ్లలోకి చూడటం లేదండీ’ అని మొదలుపెట్టడానికి ఏ తల్లికి నోరొస్తుంది? భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) ప్రామాణిక ప్రశ్నావళులతో వికాసాన్ని పరీక్షించాలని సభ్యులకు సిఫారసు చేస్తూనే ఉంది. రద్దీగా ఉన్న క్లినిక్‌లో అందుకు కావాల్సిన పది నిమిషాలు దొరకవు.

పథకం ఉంది, బిడ్డ చేరే దారే పొడవు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) ఆలోచనలో లోపం లేదు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, వికాసంలో జాప్యాలు - ఈ నాలుగు వర్గాల్లో 30 రకాల సమస్యలను 18 ఏళ్లలోపు పిల్లల్లో ముందే కనిపెట్టడం దాని లక్ష్యం. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్‌ఎం లేదా నర్సు ఉండే సంచార బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి రావాలి. తేడా కనిపిస్తే జిల్లా ఆస్పత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. అక్కడ పిల్లల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు ఒకే కప్పు కింద ఉండాలి.

కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఆచరణలో రెండు చోట్ల జారిపోతోంది. మొదటిది, బృందం వచ్చిన రోజు అంగన్‌వాడీలో ఉన్న పిల్లలే దాని కంట పడతారు. మూడేళ్లలోపు పిల్లలు ఆ రోజు అక్కడ ఉండకపోవచ్చు. రెండోది దూరం. స్పీచ్ థెరపీ ఒక ఇంజెక్షన్ కాదు, ఒకసారి వేయించుకుని ఇంటికి పోవడానికి. వారానికి రెండు మూడు రోజులు, నెలల తరబడి సాగాలి. ఏజెన్సీ గ్రామం నుంచో, జిల్లా చివరి మండలం నుంచో కూలికి వెళ్లే తల్లి వారానికి మూడుసార్లు జిల్లా కేంద్రానికి ఎలా వస్తుంది? మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు, ఇంట్లో ఉన్న రెండో బిడ్డ - ఇవన్నీ లెక్కేసుకున్న తల్లి నాలుగో వారానికి మానేస్తుంది. రికార్డుల్లో మాత్రం ఆ బిడ్డ ‘గుర్తించి, పంపించిన’ పిల్లల జాబితాలోనే ఉంటాడు.

మన వ్యవస్థ ప్రధానంగా కొలిచేది ఎత్తు, బరువు. అది అనవసరమని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత దేశవ్యాప్తంగా 67.1 శాతం. రక్తహీనత, పోషకాహార లోపం మెదడు ఎదుగుదలనూ దెబ్బతీస్తాయి కనుక తూకం అవసరమే. కానీ తూకం యంత్రం మీద అంకె సరిగ్గా వచ్చిన బిడ్డ ‘ఆరోగ్యంగా ఉన్నట్టు’ లెక్క. బొద్దుగా, చలాకీగా ఉండి పిలిస్తే పలకని బిడ్డకు ఆ లెక్కలో చోటు లేదు.

2023లో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరుతో అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏం ఆడాలి, ఏం మాట్లాడాలి అని చెప్పే ‘నవచేతన’ చట్రం 2024లో వచ్చింది. దిశ సరైనదే. అయితే ఈ బరువంతా మోయాల్సింది ఎవరు? 2023 డిసెంబరు నుంచి 42 రోజులపాటు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మె చేశారు. వేతనాలు పెంచమన్నందుకు వారిపై ఎస్మా ప్రయోగించారు. బిడ్డ కళ్లలోకి చూసి తేడా పసిగట్టమని మనం అడుగుతున్నది గౌరవ వేతనం మీద బతికే ఈ మహిళలనే.

ఖాళీలో వెలిసిన బజారు

ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోట బజారు వెలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో ఇప్పుడు థెరపీ సెంటర్ల బోర్డులు కనబడని వీధి తక్కువ. వాటిలో అంకితభావంతో పనిచేసేవీ ఉన్నాయి, కొద్దిరోజుల శిక్షణ పొందిన వాళ్లను కూర్చోబెట్టి గంటల చొప్పున వసూలు చేసేవీ ఉన్నాయి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉండాలి. నమోదు నంబరు అడిగే హక్కు తమకుందని తెలిసిన తల్లిదండ్రులు ఎంతమంది?

ఇంకో అంచున ‘నయం చేస్తాం’ అనేవాళ్లున్నారు. మూలకణాల చికిత్సతో ఆటిజం తగ్గిస్తామని లక్షలు గుంజే ప్రకటనలు తెలుగు నేల మీదా చూశాం. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధుల వంటి కొన్నింటికి తప్ప మూలకణాల వాడకం ఆమోదించిన క్లినికల్ ప్రయోగాల బయట కుదరదు. ఆటిజానికి దాన్ని చికిత్సగా ఇవ్వరాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. అయినా పొలం అమ్మి వెళ్లినవాళ్లు ఉన్నారంటే అది వారి అమాయకత్వం ఒక్కటే కాదు. ‘ఆగండి, చూద్దాం’ అంటూ వచ్చిన వ్యవస్థ కన్నా ‘రండి, చేస్తాం’ అన్న మోసగాడు వారికి దగ్గరవాడిగా కనిపించాడు.

ఫోన్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ‘వర్చువల్ ఆటిజం’ అనే మాట యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది. వైద్యశాస్త్రపు అధికారిక వర్గీకరణల్లో అలాంటి వ్యాధి లేదు. ఫోన్ చూడటం వల్లే ఆటిజం వస్తుందని తేలలేదు. ఫోన్ చేసే హాని వేరు: బిడ్డకూ పెద్దలకూ మధ్య జరగాల్సిన మాటల ఇచ్చిపుచ్చుకోవడాన్ని అది మింగేస్తుంది. అందుకే రెండేళ్లలోపు వీడియో కాల్ తప్ప తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించవద్దని ఐఏపీ చెబుతోంది. ఆ సలహా పాటించాల్సిందే. కానీ మాటలు రాని ప్రతి బిడ్డ విషయంలో ‘నువ్వే ఫోన్ ఇచ్చి చెడగొట్టావు’ అని తల్లిని బోనెక్కించడం పాత అలవాటుకు కొత్త రూపం. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని గత శతాబ్దంలో మానసిక వైద్యులే నమ్మారు. ఆ సిద్ధాంతాన్ని శాస్త్రం ఎన్నడో చెత్తబుట్టలో పడేసింది. తప్పంతా తనదేనని నమ్మిన తల్లి తన అనుమానాన్ని బయటపెట్టదు, దాచుకుంటుంది. అందువల్ల ఇంకో ఏడాది పోతుంది.

తెలుగు మాట్లాడొద్దా?

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా తగిలే ఇంకో సలహా ఉంది. ‘ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, పక్కింట్లో హిందీ - అందుకే పిల్లవాడు తికమక పడుతున్నాడు, ఒక్క ఇంగ్లిషే మాట్లాడండి’ అని ప్లేస్కూళ్లు, కొందరు థెరపిస్టులు చెబుతుంటారు. బెంగళూరులో, దుబాయ్‌లో, డల్లాస్‌లో ఉన్న తెలుగు వాళ్లకైతే ఇది రోజూ వినిపించే మాట.

దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటల సమస్య రాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో అది సమస్యను పెంచుతుందనీ తేలలేదు. బిడ్డకు కావాల్సింది భావంతో, పాటతో, కోపతాపాలతో, ఆగకుండా మాట్లాడే మనిషి. తనకు సరిగ్గా రాని ఇంగ్లిషులో తల్లి నాలుగు ముక్తసరి వాక్యాలు మాట్లాడటం మొదలుపెడితే బిడ్డ వినే మాటల సంఖ్య తగ్గుతుంది. నాయనమ్మ, తాతయ్యలైతే మొత్తానికే మౌనంగా ఉండిపోతారు. మాటలు రాని బిడ్డ చుట్టూ ఇల్లే మూగబోతుంది. థెరపీ ఇంగ్లిషులోనే దొరకడం మన వ్యవస్థ లోటు. దాన్ని పూడ్చడానికి బిడ్డ ఇంటి భాషను బలిపెట్టమనడం న్యాయం కాదు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల అనుభవం ఇంకో సంగతి కూడా చెబుతుంది. అక్కడ 18, 24 నెలల వయసులో పిల్లలందరికీ ఆటిజం ప్రశ్నావళి పెట్టాలని పిల్లల వైద్యుల అకాడమీ సిఫారసు. అనుమానం వస్తే మూడేళ్లలోపు పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ కార్యక్రమానికి తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయొచ్చు. డాక్టరు చీటీ అక్కర్లేదు. అలా అడిగిన నాటి నుంచి 45 రోజుల్లోగా పరీక్ష జరిపి, ప్రణాళిక సమావేశం పెట్టాలన్నది చట్టం. అక్కడ వ్యవస్థ లోపాలు అక్కడా ఉన్నాయి. కానీ తల్లి అనుమానమే దరఖాస్తు అన్న ఆ సూత్రం మనం నేర్చుకోదగినది.

పొరుగిళ్ల పాఠాలు

అంత డబ్బున్న దేశంతో పోలికెందుకని అనేవాళ్లు పొరుగు దేశాలను చూడొచ్చు. శ్రీలంకలో ప్రతి బిడ్డకూ ఇచ్చే ఆరోగ్య, వికాస రికార్డు పుస్తకం తల్లిదండ్రుల దగ్గరే ఉంటుంది. చూపు, వినికిడి, ఎదుగుదల మీద అందులో ఉన్న ప్రశ్నలకు జవాబులు నింపేది వాళ్లే. ఇంటికొచ్చే ప్రజారోగ్య మంత్రసాని వాటిని చూస్తుంది. ఇందులో యంత్రాలేమీ లేవు. తల్లి గమనించింది ఒక కాగితం మీదికి ఎక్కుతుంది, అంతే. బంగ్లాదేశ్ తన మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ‘శిశు వికాస కేంద్రాల’ను నడుపుతోంది. ఆటిజం ఉన్న వ్యక్తులు, వారి కుటుంబాల అవసరాలపై 2012లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన తీర్మానాన్ని తెచ్చింది కూడా ఆ దేశమే.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది భారత్, పాకిస్తాన్‌లలో కలిపి జరిగిన ఒక ప్రయోగం. గోవాలో, రావల్పిండిలో ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలతో పనిచేశారు. స్పెషలిస్టులు కాని కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఆరు నెలల్లో 12 సార్లు ఆయా కుటుంబాలతో కూర్చోబెట్టారు. తల్లి బిడ్డతో ఆడుకుంటున్నప్పుడు వీడియో తీసి, తర్వాత ఇద్దరూ కలిసి చూసేవారు: ఇక్కడ బిడ్డ ఏదో చెప్పబోయాడు, ఇక్కడ మీరు ఆగి ఉంటే వాడే ముందుకొచ్చేవాడు అంటూ. 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో వచ్చిన ఫలితాల ప్రకారం, బిడ్డ సంకేతాలకు తగ్గట్టు పెద్దలు స్పందించడం పెరిగింది, బిడ్డ తానుగా మాట కలపడం కూడా పెరిగింది. అన్ని కొలతల్లోనూ మెరుగుదల రాలేదు, ప్రయోగం చిన్నది. అయినా మనకు పనికొచ్చే సంగతి అందులో ఉంది. జిల్లాకొక స్పీచ్ థెరపిస్టు దొరకని చోట కూడా చేయగలిగిన పని ఉంది. థెరపీని తల్లి దగ్గరకు, తండ్రి దగ్గరకు, నాయనమ్మ దగ్గరకు తీసుకెళ్లొచ్చు.

ఏం చేయొచ్చు?

‘పరీక్షించి సమస్య చెప్పి, సేవ ఇవ్వకపోతే అది ఇంకా క్రూరత్వం కదా’ అని కొందరు నిపుణులు అంటారు. నిజమే. కానీ పై ప్రయోగం చూశాక సేవ అంటే ఏసీ గదిలో గంటకింత అని మాత్రమే కాదని ఒప్పుకోవాలి. బడ్జెట్‌ను తలకిందులు చేయకుండానే మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, 16-24 నెలల టీకా రోజు. ఆ రోజు బిడ్డ ఎలాగూ ఏఎన్‌ఎం ముందుకు వస్తాడు. ‘మీ బిడ్డ వినడం, మాట్లాడటం, కలవడం గురించి మీకేమైనా అనుమానం ఉందా?’ అన్న ప్రశ్న అడగడం, జవాబు రాయడం తప్పనిసరి చేయాలి. ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి ఇచ్చే విటమిన్-ఎ డోసు అప్పుడూ ఇదే ప్రశ్న. మాతాశిశు సంరక్షణ కార్డులో వయసువారీగా ఎదుగుదల బొమ్మలు ఇప్పటికే ముద్రించి ఉన్నాయి. వాటిని చూపించి అడిగితే చాలు. తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసిన రెండేళ్లలోపు పిల్లల చార్టులో ఉన్నవి 17 అంశాలే. బిడ్డ వయసు దగ్గర నిలువుగా ఒక గీత పెట్టి, దానికి ఎడమవైపు ఉన్న పనులన్నీ చేస్తున్నాడా అని చూడాలి. శిక్షణ పొందిన ఏ కార్యకర్తకైనా కొద్ది నిమిషాల పని.

రెండు, ఆశా కార్యకర్త సందర్శనలను 18, 24, 30 నెలలకూ పొడిగించడం, దానికి తగ్గ పారితోషికం ఇవ్వడం.

మూడు, సర్టిఫికెట్ కోసం ఆగకుండా సాయం మొదలుపెట్టడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. నేషనల్ ట్రస్ట్ నడిపే ‘నిరామయ’ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీలతో సహా భరిస్తుంది. కానీ దీనికి వైకల్య ధ్రువపత్రం కావాలి. రెండేళ్ల బిడ్డకు ఆ ముద్ర వేయించడానికి ఏ తల్లిదండ్రులూ తొందరపడరు, డాక్టర్లూ తొందరపడరు. ‘వికాసంలో జాప్యం’ అన్న ప్రాథమిక నిర్ధారణ మీదే థెరపీ ఖర్చు భరించే ఏర్పాటు ఉండాలి.

నాలుగు, లెక్కలు మార్చడం. ఆర్‌బీఎస్‌కే నివేదికల్లో ఎంతమందిని పరీక్షించారన్నది పెద్ద అంకె. తల్లి అనుమానం చెప్పిన రోజుకూ, బిడ్డకు మొదటి థెరపీ అందిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు పట్టాయన్నది అసలు అంకె. జిల్లాలవారీగా దాన్ని ప్రచురిస్తే ఏ కేంద్రం పనిచేస్తోందో, ఏది బోర్డుకే పరిమితమైందో ప్రజలకే తెలుస్తుంది.

ఐదు, సేవలను మండలం దాకా దించడం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఒక జాతీయ సంస్థ ఉంది. 2021లో దేశవ్యాప్తంగా ప్రారంభించిన 14 సత్వర చికిత్సా కేంద్రాల్లో ఒకటి అక్కడే. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, కానీ వాటి చూపు ప్రధానంగా బడి వయసు పిల్లల మీద. పైన నైపుణ్యం ఉంది, కింద గదులున్నాయి. ఈ రెండింటినీ కలిపి, మూడేళ్లలోపు పిల్లలకు వారంలో కొన్ని పూటలు కేటాయించడం కొత్త పథకం పెట్టినంత కష్టం కాదు.

ప్రభుత్వాలు కదిలే దాకా ఇళ్లలో చేయగలిగిందీ ఉంది. బిడ్డ గురించి అనుమానం వస్తే తేదీ వేసి రాసుకోండి. పేరు పిలిచినప్పుడు, ఆడుకునేటప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి డాక్టరుకు చూపించండి. క్లినిక్‌లో ఏడ్చే బిడ్డకన్నా ఆ వీడియో ఎక్కువ చెబుతుంది. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ‘మూడేళ్ల దాకా చూద్దాం’ అంటే, ‘ఈలోగా ఇంట్లో మేం ఏం చేయాలి, మళ్లీ ఏ నెలలో రావాలి?’ అని అడగండి. తండ్రులు ఆ గదిలో ఉండండి. ఇద్దరు చెప్పిన మాటకు ఒక్కరు చెప్పినదానికంటే బరువెక్కువ, మన సమాజంలో మరీనూ. మూడేళ్లు దాటిపోయిందని కుంగిపోవాల్సిన పనీ లేదు. పిల్లలు నేర్చుకోవడం ఏ వయసులోనూ ఆగదు, ముందు మొదలుపెడితే దారి కాస్త సులువవుతుంది, అంతే.

ఎత్తు, బరువు నమోదు చేయడానికి దేశవ్యాప్తంగా యాప్‌లు, యంత్రాలు సమకూర్చుకున్నాం. బిడ్డను అందరికంటే దగ్గరగా చూసే మనిషిని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. అడిగినందుకు బాధ్యత పడాలన్న సంకోచమే మనల్ని ఇన్నాళ్లూ ఆపింది. ఆ సంకోచానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం ఇంకా మాటలు రాని పిల్లలు.